కట్, కట్టు, కత్తెర

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చి జనం నోట స్థిరపడిపోయిన క్రియల్లో ‘కట్’కు ఉన్నంత విస్తారమైన వాడుక మరొకదానికి ఉండడం అరుదు. జుట్టుకు కటింగ్, కరెంటు కట్, ఫోను కట్, జీతంలో కట్, బట్టల కొట్లో కట్‌పీసు, సినిమా హాలు ముందు కటౌటు, బజ్జీల బండి దగ్గర కట్ మిర్చి అంటూ చదువుకున్నవారూ చదువుకోనివారూ ఒకే సులువుతో ఈ మాటను వాడతారు. ఇంగ్లీషుదే అయినా, ఆ ఇంగ్లీషులోకి ఎక్కడి నుంచి వచ్చిందో పండితులు తేల్చి చెప్పలేకపోయిన మాట ఇది. పైగా తెలుగులో అడుగుపెట్టిన తరువాత, సరిగ్గా తనకు ఎదురు అర్థమున్న ‘కట్టు’ అనే దేశ్యక్రియ పక్కనే కాపురం పెట్టవలసి వచ్చింది.

ఈ రెండు మాటలూ వృత్తి రూపంలో ఎదురుబొదురుగా కనిపించే ప్రాంతం తమిళనాడులో, పడమటి కనుమల అడుగున ఉన్న రాజపాళయం తాలూకా. విజయనగర, మదురై నాయకుల కాలాల్లో దక్షిణానికి వలస వెళ్ళిన తెలుగు కుటుంబాల్లో రాజులు పెద్ద సంఖ్యలో స్థిరపడిన పట్టణం రాజపాళయం. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్‌ను నెలకొల్పారు, నూలు ఆ ప్రాంతపు ప్రధాన జీవనాధారాల్లో ఒకటైంది. ఇప్పుడు ఆ తాలూకాలోని చత్రపట్టి ఆసుపత్రులకు పంపే కట్టుగుడ్డకు పేరు పొందగా, తళవాయిపురం రెడీమేడ్ ఆడవారి దుస్తులకు, ముఖ్యంగా నైటీలకు పేరు పొందింది. అంటే, ఒక ఊళ్ళో గాయానికి కట్టు కట్టే గుడ్డ తయారవుతుంటే, మరో ఊళ్ళో గుడ్డను కట్ చేయడంతోనే పని మొదలవుతుంది.

నైటీల తయారీలో కుట్టు మిషన్ కన్నా ముందు వచ్చేది కటింగ్ బల్ల. అచ్చు వేసిన నూలు గుడ్డను పొడవాటి బల్లమీద, అంచుకు అంచు కలిసేలా, ముడత లేకుండా, పొరమీద పొరగా పరుస్తారు. పైపొర మీద ఒంటి భాగం, చేతులు, మెడ పట్టీ మొదలైన ముక్కల ఆకారాలను, మధ్యలో వృథా వీలైనంత తగ్గేలా సుద్దతో గీస్తారు. ఆ గీతల వెంబడి కరెంటు కత్తిని నడిపిస్తారు. నిలువుగా నిలిచి నిమిషానికి వేలసార్లు కిందికీ పైకీ కదిలే సన్నని పలక ఇందులో ఉంటుంది, దాని కింద చదునైన పాదం గుడ్డ పొరల అడుగున జారుతూ వెళుతుంది. చేతి కత్తెరతో ఒక పొరలో జరిగే తప్పు ఒక నైటీకే పరిమితం కాగా, ఈ కత్తి గీత దాటితే ఆ తప్పు పరిచిన పొరలన్నిటిలోనూ ఒకేసారి పడుతుంది కనుక, కుట్టేవారి కన్నా కటింగ్ మాస్టరుకు గౌరవం ఎక్కువ ఉండడంలో ఆశ్చర్యం లేదు. పోగు దిశ కూడా ఆయన చూసుకోవలసిందే: పడుగు వెంబడి కోసిన ముక్క నిలువుగా వేలాడుతుంది, ఏటవాలుగా కోసిన ముక్క సాగుతుంది, మెడ చుట్టూ తిప్పి కుట్టవలసిన పట్టీని ఏటవాలుగా కోసేది అందుకే.

ఈ బల్ల దగ్గర వినిపించే ‘కట్’ ఇంగ్లీషు రాతల్లో సుమారు 1300 ప్రాంతం నుంచి మాత్రమే కనిపిస్తుంది. అంతకు ముందు ప్రాచీన ఇంగ్లీషులో ఈ పనికి మూడు క్రియలుండేవి: చెక్కడానికీ కోయడానికీ చెల్లిన ‘కెయోర్ఫన్’, తెగగోయడానికి ‘స్నీథన్’, కత్తిరించడానికి ‘షియెరన్’. మొదటిది ఇప్పటి ‘కార్వ్’గా కుదించుకుపోయి చెక్కపనికీ, వండిన మాంసాన్ని ముక్కలు చేయడానికీ మిగిలింది, రెండోది దాదాపు అంతరించింది, మూడోది ‘షియర్’గా గొర్రెల ఉన్ని కత్తిరింపుకు పరిమితమైంది. వాటి స్థానాన్ని ఆక్రమించిన ‘కట్’కు స్వీడిష్ మాండలికాల్లోనూ ఐస్‌లాండిక్‌లోనూ చిన్న కత్తి అనే అర్థంలో పోలికలు దొరుకుతున్నాయి కాబట్టి, ఉత్తర ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చిన స్కాండినేవియన్ల మాట అయి ఉండవచ్చునని ఎక్కువమంది అభిప్రాయం. ఫ్రెంచి ‘కుతో’, అంటే కత్తి, దీనికి మూలమన్న ఊహ కూడా ఉంది. ఏదీ పూర్తిగా రుజువు కాలేదు.

భూతకాలంలోనూ ఈ క్రియ మారకపోవడానికి మాత్రం కారణం స్పష్టం. ఇంగ్లీషులో మామూలు క్రియలకు భూతకాలంలో చివర ‘డ్’ లేదా ‘ట్’ చేరుతుంది. క్రియ అప్పటికే ‘ట్’తో ముగుస్తుంటే, కాలక్రమంలో చివరి అచ్చు రాలిపోయి ఆ రెండు ధ్వనులూ ఒకటైపోయాయి. పుట్, హిట్, సెట్, షట్ అనే క్రియలదీ ఇదే కథ. బడిపిల్లలు మూడు రూపాలూ ఒకటే అని బట్టీ పట్టే ఈ జాబితా, నిజానికి ధ్వనులు అరిగిపోయిన జాడ.

తమిళ, తెలుగు ప్రాంతాల్లో తరచుగా వినిపించే వాదమొకటి, ‘కత్తి’ నుంచే ‘కట్’ పుట్టిందని. కత్తి దక్షిణ ద్రావిడ భాషల్లోనూ తెలుగులోనూ ఉన్న పాత మాట. పోలికా ముచ్చటగానే ఉంది. కాని ఉత్తర సముద్ర తీరపు మాండలికాలకూ ద్రావిడ భాషలకూ మధ్య 13వ శతాబ్దానికి ముందు ఇటువంటి రోజువారీ క్రియ చేతులు మారేంత సంపర్కం లేదు, కనుక దీన్ని కాకతాళీయంగా భావించడమే న్యాయం. సంస్కృతంలోని ‘కృత్’ ధాతువుతో చుట్టరికం కలపడం కూడా కుదరదు, దానికి ధ్వనుల సూత్రమే అడ్డు వస్తుంది. మూల ఇండో-యూరోపియన్ భాషలోని ‘క’ ఇంగ్లీషు చెందిన జర్మానిక్ శాఖలో ‘హ’గా మారింది: లాటిన్‌లో నూరుకు ‘కెంతుమ్’ అంటే ఇంగ్లీషులో ‘హండ్రెడ్’, కొమ్ముకు ‘కోర్ను’ అంటే ‘హార్న్’. కృత్‌కు సోదరి అయిన మాట ఇంగ్లీషులో ‘క’తో మొదలు కాకూడదు.

అయితే కృత్ బంధువులు ఇంగ్లీషులో లేకపోలేదు, వారు తళవాయిపురం బల్లమీదే ఉన్నారు. కోయడమనే అర్థమున్న మూలధాతువుకు ముందు ‘స’ చేరిన రూపంలో, ఆ ‘స’ అండ వల్ల ‘క’ మారకుండా నిలిచి, ఆ తరువాత ఇంగ్లీషులో ‘స్క’ మొత్తం ‘ష’ అయింది. షియర్ అలా వచ్చిందే. కోసి పొట్టిగా చేసినది షార్ట్. పొట్టిగా కోసిన వస్త్రం షర్టు. అదే మాట స్కాండినేవియన్ల నోట ‘స్క’ను పోగొట్టుకోకుండా వచ్చి స్కర్టు అయింది. తమిళనాడులో లోపావడాను ఇన్‌స్కర్టు అంటారు. అంటే, షర్టూ ఇన్‌స్కర్టూ ఒకే పేరుకు రెండు ఉచ్చారణలు, రెండింటిలోనూ కత్తిరింపు దాగి ఉంది. ఇవతలి కొమ్మలో అదే ధాతువు నుంచి సంస్కృతంలో కర్తరి, ప్రాకృతంలో కత్తరి, తెలుగులో కత్తెర, దాని నుంచి కత్తిరించు వచ్చాయి. పంచాంగంలో మే నెలలో వచ్చే డొల్లు కర్తరి, నిజ కర్తరి ఈ కత్తెరే. ఆ రోజుల్లో చెట్లు నరకకూడదని, ఇంటిపని మొదలుపెట్టకూడదని తెలుగునాట పాటింపు ఉండగా, తమిళులు ఆ నడివేసవి ఎండకే కత్తిరి వెయిల్ అని పేరు పెట్టారు.

బట్టల వ్యాపారంలో మరో రెండు మాటలు ఇంకో దారిన కోతలోనే తేలుతాయి. లాటిన్‌లో కోయడాన్ని చెప్పే ‘తాలియారె’ ఫ్రెంచి మీదుగా ‘టైలర్’ అయింది, అంటే పేరును బట్టి టైలరు పని కుట్టడం కాదు, కోయడం. గుడ్డను తానులుగా కాకుండా గజాల లెక్కన కోసి అమ్మడం ‘రిటైల్’.

ఒక వస్తువును రెండు చేయడమనే పని ప్రపంచమంతటా ఒకటే అయినా, దాన్ని మాటలుగా విడగొట్టే తీరు భాషకో రకం. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ పరిశోధకులు ఆసిఫా మజీద్, మెలిస్సా బవర్మన్ తదితరులు, కత్తితో క్యారెట్ కోయడం, గుడ్డ చించడం, పుల్ల విరవడం వంటి పనుల చిన్న వీడియోలు 61 తయారు చేసి, వాటిని 28 భాషలవారికి చూపించి ఏ క్రియ వాడతారో నమోదు చేశారు. 2007లో వెలువడిన ఆ ఫలితాల్లో ప్రధానంగా తేలినదేమంటే, విడిపోయే చోటు ముందుగానే ఎంతవరకు నిర్ణయమై ఉంటుందన్నది అన్ని భాషల్లోనూ ముఖ్యమైన కొలమానమని: కత్తి పెట్టిన చోటే కాయ తెగుతుంది, సుత్తితో కొట్టిన కుండ ఎక్కడ పగులుతుందో ఎవరికీ తెలియదు. ఆ వరుసలోనే భువన నరసింహన్ హిందీ, తమిళ క్రియలను పోల్చి, వాటి మధ్య పోలిక ఎక్కువగా ఉన్నా హద్దుల దగ్గర తేడాలున్నాయని చూపారు.

తెలుగుకు ఈ పరీక్ష పెడితే క్రియలకు కొదవ ఉండదు. వరినీ పండునూ కోస్తారు, కూరగాయలను తరుగుతారు, చెట్టును నరుకుతారు, కాగితాన్ని కత్తిరిస్తారు లేదా చించుతారు, దారాన్ని తెంపుతారు, చిగురును తుంచుతారు, కట్టెను చీలుస్తారు, గడ్డాన్ని గొరుగుతారు. పరికరం, బలం, వస్తువు, ఫలితం నాలుగూ చూసుకుని క్రియను ఎంచుకోవాలి; కూరగాయలను నరకమంటే వంటింట్లో నవ్వుతారు. రెండు భాషల ఇళ్ళలో ఇక్కడే చిక్కు వస్తుంది, ఎందుకంటే తెలుగు ‘నరుకు’కు సోదరి అయిన తమిళ ‘నఱుక్కు’ సరిగ్గా కూరగాయలను తరగడానికే చెల్లుతుంది. ఒకే మూలం నుంచి వచ్చిన మాట ఒక భాషలో గొడ్డలి పట్టుకుంటే మరో భాషలో కత్తిపీట ముందు కూర్చుంది. ఆ రెండింటిలో ఏ భాషకూ చెందని, ఏ పరికరాన్నీ సూచించని ‘కట్’ అలాంటి ఇంట్లో తటస్థంగా పనికి వస్తుంది. తమిళంలో కట్ పణ్ణు, తెలుగులో కట్ చేయి.

దీని వాడుకకు మరో కారణం వ్యాకరణంలో ఉంది, బహుశా అదే అసలు కారణం. తెలుగు క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి: తెగు–తెంపు, చీలు–చీల్చు, విరుగు–విరుచు, పగులు–పగల్చు. మొదటిది తనంత తాను జరిగేది, రెండోది ఒకరు జరిపేది. అయితే కోయు, నరుకు, కత్తిరించు అనే క్రియలకు ఇటువంటి జంట లేదు. పండు తనంత తాను కోయదు. చేతిలో కత్తి పట్టుకున్న మనిషి లేకుండా ఆ క్రియలే లేవు. వేలి విషయంలో కూడా బ్లేడుతో కోసుకున్నాడంటారు, లేకుంటే వేలు తెగిందని పక్క జంట నుంచి క్రియను అరువు తెచ్చుకుంటారు. ఇది తెలుగు లోపమేమీ కాదు. 1970లో చార్లెస్ ఫిల్‌మోర్ కొట్టడానికీ విరగడానికీ చెందిన ఇంగ్లీషు క్రియల వ్యాకరణం వేరువేరని చూపిన తరువాత, ‘బ్రేక్’ వంటి క్రియలు కర్త లేకుండా నిలబడగలవని, ‘కట్’ వంటివి నిలబడలేవని భాషావేత్తలు గమనించారు. కప్పు పగిలిందనడానికి ‘ద కప్ బ్రోక్’ అనవచ్చు, రొట్టె తెగిందనడానికి ‘ద బ్రెడ్ కట్’ అనడం ఇంగ్లీషువారికి చెల్లదు.

తెలుగులోకి వచ్చాక ‘కట్’కు ఆ బంధనం తొలగిపోయింది. చేయు తగిలిస్తే కట్ చేశారు, అవు తగిలిస్తే కట్ అయింది. కరెంటు కట్ అయిందన్నప్పుడు ఎవరు కట్ చేశారో చెప్పనక్కరలేదు, ఫోను కట్ అయిందన్నప్పుడు తప్పు అటుపక్కదో ఇటుపక్కదో తేల్చనక్కరలేదు. తన పుట్టింట్లో చేయలేని పనిని ఆ మాట మెట్టినింట్లో హాయిగా చేస్తోంది. శుద్ధవాదులు దీన్ని తెలుగుకు పట్టిన తెగులని అనుకోవచ్చు గాని, వ్యాకరణంలో ఖాళీగా ఉన్న గదిలోకి అద్దెకు వచ్చిన మాట ఇదన్నది గమనించదగ్గది.

అరువు క్రియలను తెలుగు ఎప్పుడూ ఇలాగే చేరదీయలేదు. సంస్కృత ధాతువులకు ‘ఇంచు’ చేర్చి ఖండించు, ఛేదించు అని పూర్తి తెలుగు క్రియలుగా మార్చుకుంది. హిందుస్తానీ నుంచి వచ్చిన వాటినీ దబాయించు, బనాయించు అని అదే అచ్చులో పోసింది. ఇంగ్లీషు క్రియలకు మాత్రం ఆ మర్యాద దక్కలేదు. వాటిని నామాలుగా పక్కన నిలబెట్టి, క్రియాపదం పనంతా చేయు, అవు, కొట్టు, పెట్టు అనే సొంత క్రియల చేత చేయిస్తోంది. అజంత భాష కావడం వల్ల పాత ఇంగ్లీషు నామాలకు ఉకారం చేర్చుకున్న అలవాటు, అంటే బస్సు, రోడ్డు, గేటు, షర్టు, నట్టు అన్న అలవాటు, ఇక్కడ కూడా నడిచి ఉంటే ‘కట్’ కాస్తా ‘కట్టు’ అయ్యేది. అప్పుడు ఫీజు కట్టు అన్నది ఫీజు తగ్గించారనో చెల్లించమనో తెలియక సందిగ్ధం ఏర్పడేది. ఆ ఇంటి తలుపు మీద ముందే పేరు రాసి ఉంది కనుక, కొత్త మాట పొల్లుతోనే బయట నిలిచింది, లేదా కటింగు అని తోక తగిలించుకుంది.

‘కట్టు’ పరిధి చిన్నది కాదు. ఇల్లు, పన్ను, తాళి, గాయానికి కట్టు, కట్టడం, కట్టుబాటు, కట్ట అన్నీ దాని సంతానమే. దుస్తుల్లో దాని పాత్రను ప్రత్యేకంగా చూడాలి: చీర కట్టుకుంటారు, పంచె కట్టుకుంటారు, కాని చొక్కా తొడుక్కుంటారు, నైటీ వేసుకుంటారు. మగ్గం మీద నుంచి దిగిన నిడివితోనే ఒంటికి చుట్టుకునే బట్టకు ‘కట్టు’, కత్తెర తాకిన బట్టకు వేరే క్రియ. భాష ఈ సరిహద్దును ఇంత ఖచ్చితంగా పాటించడం విశేషమే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో చేనేత మీద వచ్చిన మాండలిక వృత్తిపదకోశంలో మగ్గానికి చెందిన తెలుగు మాటలు పుష్కలంగా నమోదయ్యాయి. రెడీమేడ్ వృత్తి ఆ తరువాత కాలంలో పెరిగింది, దాని మాటలు కటింగ్, ఓవర్‌లాక్, బండిల్ అంటూ ఇంగ్లీషు బట్టలతోనే వచ్చాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఇంగ్లీషు కూడా అప్పుపడింది. దుంగలను పక్కపక్కన కట్టి చేసిన తమిళ కట్టుమరం 17వ శతాబ్ది చివర ఇంగ్లీషులోకి ‘కెటమరాన్’గా వెళ్ళింది, అందులోని మొదటి సగం ఈ ‘కట్టు’.

అర్థాలు వస్తువుల నుంచి సంబంధాలకు పాకడంలో మాత్రం ఏ భాషా వెనకబడలేదు. తరగతి ఎగ్గొట్టడానికి ‘కట్’ వాడడం 18వ శతాబ్ది చివర ఇంగ్లండు విశ్వవిద్యాలయాల్లో మొదలైంది, తమిళ విద్యార్థుల నోట అదే ‘కట్ అడి’ అయింది, తెలుగు విద్యార్థి డుమ్మాకే కట్టుబడ్డాడు. సినిమా ఎడిటింగ్‌లో ఫిల్మును నిజంగానే కత్తెరతో కోసి అతికించిన కాలం నుంచి వచ్చిన ‘కట్ చేస్తే’, ఇప్పుడు తెలుగువారు కబుర్లు చెప్పేటప్పుడు కథను నాలుగేళ్ళు ముందుకు దూకించే అవ్యయంగా మారింది. ‘చేస్తే’ అనే చేదర్థకం, అంటే షరతు రూపం, ఇంత దర్జాగా కాలాన్ని దాటించడం పాత వ్యాకర్తలు ఊహించని సంగతి. పత్రికలు కట్ అనకుండా విద్యుత్ కోత, జీతాల్లో కోత అంటాయి. కడుపుకోత, కోతలరాయుడు తెలుగు సొంత సరుకు. ఇక తెగడం నుంచి తెగువ, తెగతెంపులు వచ్చాయి, బేరం తెగడమూ వచ్చింది. బేరం తెగిందంటే ఆగిపోయిందని కాదు, ఖరారైందని. లాటిన్‌లో కోయడాన్ని చెప్పే ‘కైదెరె’ నుంచి ‘డిసైడ్’, ‘సిజర్స్’ రెండూ రావడం, తమిళంలో కోతను చెప్పే ‘అఱు’ నుంచి నిశ్చయాన్ని చెప్పే ‘అఱుది’ రావడం, ఇదే ఆలోచన వేరువేరు కుటుంబాలకు వేరువేరుగా తట్టిందనడానికి సాక్ష్యాలు.

పోలికను చూసి మోసపోవలసిన మాటలూ లేకపోలేదు. కట్‌లెట్‌లో కట్ లేదు, అది పక్కటెముకను చెప్పే ఫ్రెంచి ‘కోత్’కు అల్పార్థకం. దీనికి విరుద్ధంగా, కోత ఉన్నట్టు ఏమాత్రం కనిపించని చోట అది దొరుకుతుంది. తళవాయి అనే మాట విజయనగర, నాయక రాజ్యాల్లో సేనాధిపతికి చెల్లిన దళవాయి. తమిళ లిపిలో త, ద ఒకే అక్షరం కావడం వల్ల ఆ రూపు దాల్చింది. అందులోని దళం సంస్కృతంలో చీలడమనే అర్థమున్న ‘దల్’ ధాతువు నుంచి వచ్చి, చీలిన ముక్కగా మొదలై, పువ్వు రేకుగా, తులసీదళంగా, పెద్ద సైన్యం నుంచి విడదీసిన గుంపుగా, ఉత్తరాదిన బద్దలు చేసిన పప్పుగా నానార్థాలు సంపాదించుకుంది. ఆ దళం పేరులో ఉన్న ఊళ్ళో, పొరలు కోయడం పూర్తికాగానే ముక్కలు కలిసిపోకుండా చేతులను చేతులతో, మెడ పట్టీలను మెడ పట్టీలతో కలిపి, కోతలో మిగిలిన పీలికతోనే కట్టలు కట్టి కుట్టేవారికి పంపుతారు.